ఇంగ్లీషులో థాంక్స్ సరిగ్గా చెప్పడం ఎలా: నల్లగొండ, పాలమూరు వాళ్ల కోసం

ఇంగ్లీషులో కృతజ్ఞత చెప్పడానికి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. 'థాంక్యూ' అన్నాక 'ఫర్' పెట్టి, దేనికి చెబుతున్నారో ఆ ఒక్క సంగతి కలిపితే ముప్పావు పని అయిపోయినట్టే. డిగ్రీ పూర్తిచేసి జడ్చర్ల పక్కన పోలేపల్లి ఫార్మా కంపెనీలకు ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు కావచ్చు, పోచంపల్లిలో చీర కొన్న విదేశీయులతో మాట్లాడే నేతన్నలు కావచ్చు, బీబీనగర్ ఎయిమ్స్‌లో తెలుగు రాని డాక్టరుకు నాలుగు ముక్కలు చెప్పాలనుకునే అక్కలు కావచ్చు, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. 'థాంక్యూ సార్, థాంక్యూ సార్' అని నాలుగుసార్లు అంటారు గానీ దేనికో చెప్పరు. మనసులో ఎంత ఉన్నా అవతలి మనిషికి చేరేది ఆ 'ఫర్' తర్వాతి మాటే. అందుకే ఎక్కువసేపు దాని మీదే మాట్లాడతాను.

ఇంకొకటి ముందే చెప్పాలి. మన ఊళ్లలో అమ్మ అన్నం పెట్టినా, అన్న బండి మీద దింపినా థాంక్స్ చెప్పం. చెబితే 'పరాయోళ్ల లెక్క మాట్లాడుతున్నవేంది' అంటారు. మేలు చేసిన పిల్లలను పెద్దవాళ్లు 'సల్లగుండు బిడ్డా' అని దీవిస్తారు. ఆ పద్ధతి మనది, దాన్ని వదులుకోవాల్సిన పని లేదు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల మధ్య మాత్రం తలుపు పట్టుకున్నా, ఉప్పు అందించినా, చిల్లర తిరిగి ఇచ్చినా 'థాంక్యూ' వినబడాలి. అక్కడ అది ముట్టిందని ఇచ్చే రసీదు లాంటిది. చెప్పకపోతే పొగరు అనుకుంటారు. మీకు మొహమాటమని వాళ్లకు తెలియదు కదా.

ముందు నోరు తిరగాలి

ఇంగ్లీషు 'థ' మన 'థ' ఒకటి కాదు. మన 'థ' పలికేటప్పుడు నాలుక పళ్ల వెనక తగిలి, ఒక్క క్షణం ఆగి, ఊపిరితో వదులుతుంది. వాళ్లది అలా ఆగదు. నాలుక కొసను పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య కొద్దిగా బయటపెట్టి, గాలిని మెల్లగా వదలాలి. అద్దం ముందు నిలబడి చేసి చూడండి, నాలుక కొస కనబడాలి. ఇది రెండు రోజుల్లో రాకపోయినా కంగారు వద్దు. మన 'థ' తో పలికినా అందరికీ అర్థమవుతుంది. 'ట్యాంక్' అని మాత్రం అనకండి, అది నీళ్ల ట్యాంకు అవుతుంది.

బరువు మొదటి ముక్క మీద పడాలి: 'థాంక్' గట్టిగా, 'యూ' తేలిగ్గా. చివర గొంతు దిగితే నిజంగా చెప్పినట్టుంటుంది. గొంతు పైకి లేపి గబుక్కున అంటే మాటవరసకు అన్నట్టు వినిపిస్తుంది. ఇంకో మాట: చెప్పేటప్పుడు నేల చూపులు చూడకండి. పెద్దవాళ్ల కళ్లలోకి చూడకపోవడం మన దగ్గర మర్యాదే కావచ్చు, ఇంటర్వ్యూ గదిలో మాత్రం అది భయంలా కనిపిస్తుంది.

'థాంక్స్ యూ' అనే మాట లేదు

'థాంక్యూ' ఉంది, 'థాంక్స్' ఉంది. రెండింటినీ కలిపి 'థాంక్స్ యూ సార్' అంటే తప్పు. 'థాంక్' అనేది చేసే పని, దాని పక్కన 'యూ' వస్తుంది. 'థాంక్స్' అనేది ఇచ్చే వస్తువు, దాని పక్కన 'యూ' నిలబడదు. 'థాంక్స్ గాడ్' కూడా ఇలాంటి తప్పే. 'హమ్మయ్య' అనాలనుకున్నప్పుడు 'థాంక్ గాడ్' అనండి.

ఎవరికి ఏది? తోటివాళ్లకు, షాపులో, ఆటోలో 'థాంక్స్' చాలు. లెక్చరరు, ఆఫీసరు, డాక్టరు, కొత్తవాళ్లు, వయసులో పెద్దవాళ్లు ఎదురుగా ఉంటే 'థాంక్యూ'. అనుమానం వస్తే 'థాంక్యూ' వైపే మొగ్గండి, అది ఎక్కడా చెడదు.

రాసేటప్పుడు 'థాంక్' వేరు, 'యూ' వేరు. మధ్యలో ఖాళీ వదలాలి. 'థాంక్స్' లో చివరి ఎస్ ముందు కామా లాంటి గుర్తు పెట్టకూడదు. వాట్సాప్‌లో చాలామంది టీ, క్యూ అని రెండక్షరాలు కొట్టి పంపిస్తారు. మన దోస్తులకు పర్వాలేదు గానీ కంపెనీ హెచ్ఆర్ కు అలా పంపకండి.

'అందుకు' ఉన్నచోట 'ఫర్'

మనం తెలుగులో ఎలా అంటాం? 'వచ్చినందుకు', 'చెప్పినందుకు', 'ఆగినందుకు'. ఆ 'అందుకు' ను తీసి ముందుకు తెచ్చి 'ఫర్' పెట్టండి. క్రియకు చివర 'ఇంగ్' తగిలించండి. అంతే.

వచ్చినందుకు: 'థాంక్యూ ఫర్ కమింగ్'. చెప్పినందుకు: 'థాంక్యూ ఫర్ టెల్లింగ్ మీ'. ఆగినందుకు: 'థాంక్యూ ఫర్ వెయిటింగ్'. ఫోన్ చేసినందుకు: 'థాంక్యూ ఫర్ కాలింగ్'.

ఆ వచ్చింది నిన్నా, పోయినేడా అన్న లెక్క ఇక్కడ లేదు. ఎప్పుడు వచ్చినా 'కమింగ్' మాత్రమే. మనవాళ్లు 'థాంక్యూ ఫర్ కమ్' అంటారు, 'థాంక్యూ టు కమ్' అంటారు, జరిగిపోయిన సంగతి కదా అని 'థాంక్యూ ఫర్ కేమ్' అనేవాళ్లూ ఉన్నారు. మూడూ కుదరవు.

చేయనందుకు కూడా థాంక్స్ చెప్పాల్సి వస్తుంది. 'మా నాయనకు చెప్పనందుకు' అనాలంటే 'ఫర్' పక్కనే 'నాట్' పెట్టండి: 'థాంక్యూ ఫర్ నాట్ టెల్లింగ్ మై ఫాదర్'. పొగ తాగొద్దు అని మర్యాదగా చెప్పే బోర్డుల మీద 'థాంక్యూ ఫర్ నాట్ స్మోకింగ్' అని ఉండేది ఈ లెక్క ప్రకారమే.

క్రియ లేకుండా వస్తువు పేరు చెప్పినా సరిపోతుంది. 'థాంక్యూ ఫర్ ద టీ', 'థాంక్యూ ఫర్ ద నోట్స్', 'థాంక్యూ ఫర్ ద లిఫ్ట్'. వీటిలో 'ఇంగ్' ఉండదు. ఈ రెండు దారులనూ కలిపేయడమే మన దగ్గర బాగా కనిపించే తప్పు: 'థాంక్యూ ఫర్ యువర్ హెల్పింగ్'. 'థాంక్యూ ఫర్ యువర్ హెల్ప్' అనండి, లేదంటే 'థాంక్యూ ఫర్ హెల్పింగ్ మీ' అనండి. ఫలానా పనిలో సాయం అని చెప్పాలంటే 'విత్' కలపాలి. స్కాలర్‌షిప్ ఫారం నింపిపెట్టిన సీనియర్‌కు 'థాంక్యూ ఫర్ హెల్పింగ్ మీ విత్ ద ఫారమ్'.

ఇప్పుడు మన చోట్లకు వద్దాం. పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మగ్గం చూడటానికి విదేశాల నుంచి వస్తుంటారు. చూసి, ఫొటో తీసుకుని, ఒక దుపట్టా కొని వెళ్లేవాళ్లకు 'థాంక్యూ ఫర్ కమింగ్ టు అవర్ విలేజ్' అనండి. కొన్నవాళ్లకు 'థాంక్యూ ఫర్ బయింగ్ ఫ్రమ్ అస్'. ఒట్టి 'థాంక్యూ మేడమ్' కంటే ఆ 'ఫ్రమ్ అస్' లో, మా దగ్గర కొన్నారు అన్న మాటలో, నేసిన చేతులకు కూడా చోటు దొరుకుతుంది.

నాగార్జునసాగర్‌లో బుద్ధవనం చూడటానికి వచ్చే బౌద్ధ యాత్రికులకు చెప్పేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. 'విజిట్' పక్కన 'టు' రాదు. 'థాంక్యూ ఫర్ విజిటింగ్ నాగార్జునసాగర్' అనాలి. 'కమింగ్' కు 'టు' కావాలి, 'విజిటింగ్' కు వద్దు.

ఎయిమ్స్‌లో డాక్టరు ఓపిగ్గా రిపోర్టు చూపించి అంతా చెప్పారనుకోండి. 'థాంక్యూ ఫర్ ఎక్స్‌ప్లెయినింగ్ ఎవ్రీథింగ్, డాక్టర్'. ఇక్కడ 'ఎక్స్‌ప్లెయినింగ్ మీ' అనకూడదు. 'నాకు' అని చెప్పాలనిపిస్తే చివర 'టు మీ' పెట్టండి. నర్సుకు 'థాంక్యూ ఫర్ టేకింగ్ కేర్ ఆఫ్ మై మదర్' అంటే, రాత్రంతా మేల్కొని చూసినావిడకు ఆ ఒక్క వాక్యం చాలా దూరం వెళ్తుంది. ఈ వాక్యం మాత్రం కంఠతా పట్టండి. దవాఖానలో టెన్షన్ మీద ఉన్నప్పుడు మాటలు వెతుక్కుంటే దొరకవు.

'పిలిచినందుకు' అన్నది ఇంకో చిక్కు. పెళ్లికి పిలిచినా, ఫోన్ చేసి పిలిచినా తెలుగులో పిలుపే. ఇంగ్లీషులో 'థాంక్యూ ఫర్ కాలింగ్' అంటే ఫోన్ చేసినందుకు అని అర్థం. విందుకు, పండక్కి పిలిచినందుకైతే 'థాంక్యూ ఫర్ ఇన్వైటింగ్ మీ'. వాళ్లింటికి వెళ్లి, తిని, బయలుదేరేటప్పుడు గుమ్మం దగ్గర అనేది మరొకటి ఉంది: 'థాంక్యూ ఫర్ హ్యావింగ్ అస్'. మమ్మల్ని ఇంటికి రానిచ్చి ఇంత బాగా చూసుకున్నందుకు అన్న భావమంతా అందులో ఇమిడిపోతుంది. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యం నేర్చుకున్నా పక్కింటివాళ్ల దగ్గర మర్యాద దక్కుతుంది.

'థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్' కూడా ఉంది గానీ దాన్ని వీడ్కోలు రోజుకు దాచుకోండి. జిరాక్స్ షాపులో అంటే అతికినట్టుండదు.

ఎంత మేలుకు ఎంత మాట

నల్లగొండ గడియారం సెంటర్‌లో దారి చెప్పినవాళ్లకు 'థాంక్స్' చాలు. ఇంకొంచెం శ్రమ పడితే 'థాంక్స్ ఎ లాట్', 'థాంక్యూ సో మచ్', 'థాంక్యూ వెరీ మచ్'. 'వెరీ థాంక్స్' అనరు. 'థాంక్యూ ఎ లాట్' కూడా వినబడదు, 'ఎ లాట్' అనేది 'థాంక్స్' పక్కనే కుదురుతుంది. 'మెనీ థాంక్స్' రాతలో బాగుంటుంది. 'థాంక్స్ ఎ బంచ్' జోలికి పోకండి, దాన్ని ఎక్కువగా ఎత్తిపొడుపుగా వాడతారు.

ఇక నిజంగా పెద్ద మేలు. రాత్రిపూట ఎవరో తెలియని మనిషి వచ్చి రక్తం ఇచ్చాడు. ఆగిపోయే చదువును ఒక టీచరు ఫీజు కట్టి నిలబెట్టారు. 'మీ రుణం తీర్చుకోలేను' అని మనం అనేచోట ఇంగ్లీషులో 'ఐ కాంట్ థాంక్ యూ ఇనఫ్' అంటారు. ఎంత చెప్పినా తక్కువే అని. 'ఐ కుడంట్ హ్యావ్ డన్ ఇట్ వితౌట్ యూ' అంటే మీరు లేకపోతే నావల్ల అయ్యేది కాదు. 'ఇట్ మీన్స్ ఎ లాట్ టు మీ' అంటే నాకు ఇది చాలా పెద్ద విషయం. ఈ మూడింటిలో కష్టమైన మాట ఒక్కటీ లేదు చూడండి. నిఘంటువు తెరిచి గట్టి పదాలు ఏరుకొచ్చి 'హార్ట్‌ఫెల్ట్ గ్రాటిట్యూడ్' అని మొదలుపెడితే ఆ మాటల బరువు కింద మీ మనసు కనబడదు. చిన్న మాటలే అనండి, ఒక్కసారే అనండి, అన్నాక ఒక క్షణం ఆగండి.

'టు' ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు

'మా అమ్మకు థాంక్స్ చెప్పాలి' అని తెలుగులో అనుకుని ఆ 'కు' ను అలాగే మోసుకొచ్చి 'ఐ వాంట్ టు థాంక్ టు మై మదర్' అంటాం. 'థాంక్' పక్కన నేరుగా మనిషి రావాలి: 'ఐ వాంట్ టు థాంక్ మై మదర్'. అదే 'సే థాంక్స్' అన్నప్పుడు 'టు' కావాలి: 'ప్లీజ్ సే థాంక్స్ టు యువర్ ఫాదర్'. మీ నాన్నగారికి నా తరఫున చెప్పండి అనడానికి 'ప్లీజ్ థాంక్ యువర్ ఫాదర్ ఫర్ మీ' అన్నా సరే.

'థాంక్‌ఫుల్', 'గ్రేట్‌ఫుల్' రెండింటికీ మనిషి ముందు 'టు', సంగతి ముందు 'ఫర్': 'ఐ యామ్ గ్రేట్‌ఫుల్ టు యూ ఫర్ యువర్ సపోర్ట్'. 'ఐ యామ్ థాంక్‌ఫుల్ యూ' అంటే మధ్యలో మెట్టు ఊడినట్టే. 'అప్రీషియేట్' మాత్రం మనిషిని వదిలేసి చేసిన పనిని పట్టుకుంటుంది: 'ఐ అప్రీషియేట్ యువర్ హెల్ప్', లేదా క్లుప్తంగా 'ఐ రియల్లీ అప్రీషియేట్ ఇట్'. చివర ఆ 'ఇట్' మరవొద్దు.

'థాంక్స్ టు' తో మొదలయ్యే వాక్యం మరో రకం. అది మన 'పుణ్యమా అని' తో సమానం. 'సాగర్ ఎడమ కాల్వ పుణ్యమా అని మిర్యాలగూడ వైపు వరి పండుతుంది' అన్నదాన్ని ఇంగ్లీషులో 'థాంక్స్ టు' తో మొదలుపెట్టి చెప్పొచ్చు. మనలాగే వాళ్లూ దాన్ని కోపంలో వాడతారు. 'మీవాడి పుణ్యమా అని బస్సు తప్పిపోయింది' అన్నట్టు 'థాంక్స్ టు యూ, వి మిస్డ్ ద బస్' అంటారు. కాబట్టి ఎదుటి మనిషితో 'థాంక్స్ టు యూ' అనేముందు చూసుకోండి. కృతజ్ఞత చెప్పాలనుకుంటే 'థాంక్యూ' దగ్గరే ఆగండి.

వాళ్లు మనకు చెబితే

చెప్పడం నేర్చుకున్నవాళ్లు కూడా అందుకోవడంలో తడబడతారు. ఎవరైనా మీకు థాంక్స్ చెబితే 'యూ ఆర్ వెల్కమ్' అనండి. మన దగ్గర ఒట్టి 'వెల్కమ్' తో సరిపెడతాం, మనవాళ్లకు అర్థమవుతుంది కూడా. బయటివాళ్లకు అది గుమ్మం దగ్గర చెప్పే స్వాగతంలా వినిపిస్తుంది. రాసేటప్పుడు 'యువర్' అనే పదం రాయకండి, అది 'మీ యొక్క' అవుతుంది. వై, ఓ, యూ రాసి, గుర్తు పెట్టి, ఆర్, ఈ రాయాలి.

'మెన్షన్ నాట్' అని మన స్కూళ్లలో పాత కాలం నుంచీ చెబుతున్నారు. సరైన వరుస 'డోంట్ మెన్షన్ ఇట్'. ఇప్పుడు ఎక్కువగా వినిపించేది 'నో ప్రాబ్లమ్'. కొంచెం మర్యాదగా 'నాట్ ఎట్ ఆల్'. ఇష్టంగా చేశాను అని చెప్పాలంటే 'మై ప్లెజర్'. దోస్తులకు 'ఎనీటైమ్'.

'సేమ్ టు యూ' ఇక్కడ పనికిరాదు. అది శుభాకాంక్షలకు జవాబు. 'హ్యాపీ దసరా' అంటే 'సేమ్ టు యూ' సరే, 'థాంక్యూ' అంటే 'సేమ్ టు యూ' తప్పు. ఇద్దరూ ఒకరికొకరు సాయం చేసుకున్నారనుకోండి, అప్పుడు 'థాంక్ యూ' అనే తిరిగి అనండి, ఈసారి బరువు 'యూ' మీద వేసి. నేనే మీకు చెప్పాలి అన్న భావం వస్తుంది.

వద్దనడం, మెచ్చుకోలు

మన ఇళ్లలో ఒకసారి వద్దంటే ఇంకో గరిటె వడ్డిస్తారు. వద్దనడం మన మర్యాద, బలవంతపెట్టడం వడ్డించేవాళ్ల ప్రేమ. ఇంగ్లీషువాళ్ల ఇంట్లో 'నో, థాంక్యూ' అంటే వద్దనే అర్థం, మళ్లీ అడగకపోవచ్చు. ఆకలిగా ఉంటే మొహమాటపడకుండా 'యెస్, ప్లీజ్' అనండి. ఉత్త 'థాంక్యూ' అంటే కావాలో వద్దో తేలదు. అమెరికాలో 'ఐ యామ్ గుడ్, థాంక్స్' అన్నా వద్దనే. ఒట్టి 'నో' మాత్రం ఎప్పుడూ అనకండి, మొహం మీద తలుపు వేసినట్టుంటుంది.

మెచ్చుకుంటే మనం తగ్గించుకుంటాం. 'ఈ చీర బాగుంది' అంటే 'పాతదే' అంటాం. ఇంగ్లీషులో అలా కొట్టిపారేస్తే మెచ్చుకున్నవాళ్లు చిన్నబోతారు. 'థాంక్యూ. ఇట్స్ ఫ్రమ్ గద్వాల్' అనండి. మీ ఇంగ్లీషు బాగుంది అంటే 'థాంక్యూ, దట్స్ వెరీ కైండ్ ఆఫ్ యూ'.

ఇంటర్వ్యూ, మెయిల్, దరఖాస్తు

'థాంక్యూ ఫర్ గివింగ్ మీ దిస్ గోల్డెన్ ఆపర్చునిటీ టు ఇంట్రడ్యూస్ మైసెల్ఫ్.' ఈ వాక్యాన్ని ఎన్నో కోచింగ్ సెంటర్లలో బట్టీ పట్టిస్తున్నారు. వ్యాకరణంలో తప్పు లేదు. అయినా దయచేసి వదిలేయండి. పొద్దుటి నుంచి వరుసగా అదే వింటున్న మనిషికి మీరు కూడా ఆ వరుసలో ఒకరైపోతారు. లోపలికి వెళ్లాక, కూర్చోమంటే 'థాంక్యూ' చాలు. నేరుగా మీ పేరు, ఊరు, చదువు చెప్పండి. అయిపోయి లేచేటప్పుడు 'థాంక్యూ ఫర్ యువర్ టైమ్' అనండి. ప్రశ్న మళ్లీ అడిగి సాయం చేసి ఉంటే దాన్నే చెప్పండి: 'థాంక్యూ ఫర్ రిపీటింగ్ ద క్వశ్చన్'.

అదే రోజు సాయంత్రం ఒక మెయిల్ పంపండి. చాలామంది పంపరు, పంపినవాళ్లు గుర్తుంటారు. ఇంత చిన్నదైతే చాలు:

'డియర్ మేడమ్, థాంక్యూ ఫర్ యువర్ టైమ్ టుడే. ఐ ఎంజాయ్డ్ లెర్నింగ్ అబౌట్ ద ప్యాకింగ్ సెక్షన్. ప్లీజ్ లెట్ మీ నో ఇఫ్ యూ నీడ్ ఎనీ మోర్ సర్టిఫికెట్స్. ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ.'

ఈరోజు సమయం ఇచ్చినందుకు, మీ ప్యాకింగ్ సెక్షన్ గురించి తెలుసుకోవడం నచ్చింది, ఇంకేమైనా సర్టిఫికెట్లు కావాలంటే చెప్పండి, మీ జవాబు కోసం చూస్తుంటాను. రెండో వాక్యం మాత్రం మీరు ఆ గదిలో నిజంగా విన్నదాని మీద ఉండాలి, దాన్ని నకలు కొట్టకండి. చివరి వాక్యంలో 'టు హియర్' అనకూడదు, 'టు హియరింగ్'.

పని ఇంకా కాకముందే 'థాంక్స్ ఇన్ అడ్వాన్స్' రాయడం నాకు నచ్చదు. ఎలాగూ చేస్తారులే అన్న ధీమా అందులో వినిపిస్తుంది, కొందరు నొచ్చుకుంటారు. దాని బదులు 'ఐ వుడ్ అప్రీషియేట్ యువర్ హెల్ప్' అంటే సాయం చేస్తే సంతోషిస్తాను అన్నట్టుంటుంది. దరఖాస్తు చివర రాసే 'థాంకింగ్ యూ' సంగతి వేరు. 'థాంకింగ్ యూ, ఐ రిమెయిన్, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని ఒకప్పుడు పొడుగ్గా రాసేవారు, అందులో మధ్య ముక్క రాలిపోయి ఇది మిగిలింది. ఎమ్మార్వో ఆఫీసుకు, బ్యాంకు మేనేజరుకు, ప్రిన్సిపాల్‌కు రాసే కాగితంలో అది ఉండనివ్వండి, మన ఆఫీసులకు అది అలవాటే. మెయిల్‌లో, విదేశీ యూనివర్సిటీకి రాసేదాంట్లో మాత్రం 'థాంక్యూ' అని రాసి కింద పేరు పెట్టండి.

స్టేజి మీద

పాలమూరు యూనివర్సిటీ, మహాత్మా గాంధీ యూనివర్సిటీ కింది కాలేజీల్లో సెమినార్ అంటే చివర ఎవరో ఒక విద్యార్థికి 'వోట్ ఆఫ్ థాంక్స్' అప్పజెబుతారు. 'ఆన్ బిహాఫ్ ఆఫ్ అవర్ కాలేజ్, ఐ వుడ్ లైక్ టు థాంక్' అని మొదలుపెట్టి నేరుగా పేర్లలోకి వెళ్లండి. 'ఆన్ ద బిహాఫ్' కాదు. ప్రతి పేరుకూ 'ఫర్' ఒకటి ఇవ్వండి. ముఖ్య అతిథికి 'ఫర్ కమింగ్ ఆల్ ద వే ఫ్రమ్ హైదరాబాద్', అంత దూరం నుంచి వచ్చినందుకు. కుర్చీలు వేసిన అటెండర్‌ను, మైకు పెట్టినాయన్ను పేరుతో తలచుకోండి, హాల్లో చప్పట్లు వాళ్లకే ఎక్కువ పడతాయి. ఆఖరి పేరుకు ముందు 'లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్' అంటుంటాం, అందులో 'ద' తీసేయండి: 'లాస్ట్ బట్ నాట్ లీస్ట్'.

బయటి దేశం వెళ్లాక

బ్రిటన్‌లో చాలా ఊళ్లలో బస్సు దిగుతూ డ్రైవరుకు థాంక్స్ చెబుతారు. అక్కడా, ఆస్ట్రేలియాలోనూ 'చీర్స్' అంటే థాంక్స్ అనే, తాగడానికి పిలుపు అనుకోకండి. 'టా' అని ఒక్క అక్షరంలా వినబడినా అదే. అమెరికాలో బిల్లు కౌంటర్ దగ్గర 'హ్యావ్ ఎ నైస్ డే' అంటే 'థాంక్యూ, యూ టూ' అనండి. మీ థాంక్స్‌కు కొందరు 'ష్యూర్' అనో, 'మ్ హ్మ్' అనో ఊరుకుంటారు, అది చిన్నచూపు కాదు, అక్కడి వాడుక. నవంబరు నాలుగో గురువారం అక్కడ థాంక్స్‌గివింగ్ పండుగ, కెనడాలో అక్టోబరు రెండో సోమవారం. ఆ రోజు భోజనానికి ఎవరైనా ఇంటికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి, మర్నాడు ఒక మెసేజ్ పెట్టండి: 'థాంక్యూ ఫర్ హ్యావింగ్ మీ', దాంతోపాటు మీకు నచ్చిన వంటకం పేరు.

ప్రాక్టీసు

రోజూ రాత్రి, ఆ రోజు మీకు సాయం చేసినవాళ్లను తలచుకుని ముందు తెలుగులో 'అందుకు' వాక్యం అనుకోండి, తర్వాత దాన్ని ఇంగ్లీషులో గట్టిగా బయటికి అనండి. మనసులో అనుకుంటే నోరు తిరగదు. ఇవి మొదలుపెట్టడానికి: బస్సులో మీ సీటు ఇచ్చినందుకు, నా కోసం ఆగినందుకు, ఎవరికీ చెప్పనందుకు, పెళ్లికి మమ్మల్ని పిలిచినందుకు, పుస్తకం ఇచ్చినందుకు.

జవాబులు చూసేముందు ఒకసారి మీరే ప్రయత్నించండి. 'థాంక్యూ ఫర్ గివింగ్ మీ యువర్ సీట్'. 'థాంక్యూ ఫర్ వెయిటింగ్ ఫర్ మీ', ఇందులో 'ఫర్' రెండుసార్లు వస్తుంది, రెండోది 'కోసం'. 'థాంక్యూ ఫర్ నాట్ టెల్లింగ్ ఎనీవన్'. 'థాంక్యూ ఫర్ ఇన్వైటింగ్ అస్ టు ద వెడ్డింగ్'. ఇక పుస్తకం చదివి తిరిగి ఇచ్చేసేదైతే 'థాంక్యూ ఫర్ లెండింగ్ మీ ద బుక్', మీకే ఉంచుకోమని ఇచ్చి ఉంటే 'థాంక్యూ ఫర్ ద బుక్'.